పిల్లికి ఏడిళ్ళా, ఒక్క ఇల్లు చాలా?

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దవాళ్ళు అంటారు. మా పుట్టింట్లో నేనది కళ్ళారా చూశాను. తెనాలి దగ్గర పల్లెలో మా పెంకుటింటి అటక మీద పిల్లి ఈనేది. వారం తిరక్కుండానే పిల్లల్ని ఒక్కొక్కటిగా మెడ దగ్గర కరుచుకుని పక్కింటి గడ్డివాము చాటుకి, అక్కణ్ణుంచి ఎదురింటి ధాన్యం కొట్లోకి మార్చేది. మేం దాన్ని "మా పిల్లి" అనుకునేవాళ్ళం. పక్కింటివాళ్ళూ "మా పిల్లి" అనే అనుకునేవాళ్ళు. పొద్దున్న మా ఇంట్లో పెరుగన్నం, మధ్యాహ్నం వాళ్ళింట్లో చేప ముల్లు, రాత్రికి కొట్లో ఎలుక. దాన్ని లోపల పెట్టి తలుపు వేయాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుందా? వేసినా ఆ పెంకుటింట్లో అది ఆగుతుందా?

ఇప్పుడు నేనుంటున్నది విజయవాడలో, అపార్టుమెంటు మూడో అంతస్తులో. రెండేళ్ళ క్రితం దాకా మాకో తెల్లపిల్లి ఉండేది. మా అమ్మాయి దానికి మల్లి అని పేరు పెట్టింది. పుట్టింటి అలవాటు కొద్దీ నేను దాన్ని ఇష్టం వచ్చినట్టు తిరగనిచ్చేదాన్ని. సాయంత్రం మెట్లు దిగి వెళ్ళేది, పొద్దున్న పాలపేకెట్లు వచ్చే వేళకి గుమ్మంలో హాజరు. ఒకరోజు అన్నం ముట్టలేదు. మర్నాటికి చిగుళ్ళు పాలిపోయాయి, ముక్కులోంచి నెత్తురు. ఆటోలో పశువుల డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాం. ఎలుకల మందు తిన్న ఎలుకని ఇది తిని ఉంటుందన్నారాయన. ఆ రకం మందు నెత్తురు గడ్డకట్టకుండా చేస్తుందట. తిన్న రెండు మూడు రోజులకి గానీ బయటపడదట. విటమిన్ కె ఇంజక్షన్ ఇచ్చారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

మందు పెట్టినవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. రెండు రోజులయ్యాక గుర్తొచ్చింది, అంతకు ముందు నెలలో మా సెల్లార్లో ఎలుకల మందు పెట్టించాలని సంతకాలు చేసినవాళ్ళల్లో నేనూ ఉన్నాను! మల్లి తిన్న ఎలుక మా సెల్లారుదో, వీధి చివర కొట్టుదో ఎవరికీ తెలియదు. కానీ నా సంతకం మాత్రం నాకు తెలుసు.

ఆరు నెలల తర్వాత మా అమ్మాయి మళ్ళీ ఒక కూనని తెచ్చింది. బూడిద రంగుది. దాని పేరు బూచి. ఈసారి మావారు ముందే చెప్పేశారు, "దీన్ని గడప దాటనివ్వద్దు. ఇంట్లోనే ఉంచుదాం" అని. మా అత్తయ్యగారు ఊరుకుంటారా? "పిల్లినెక్కడైనా బంధిస్తారటే! దాని ఉసురు పోసుకుంటే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలి" అన్నారు. మధ్యలో నేను.

కథలు రాసుకునేదాన్ని, నాకు పిల్లుల శాస్త్రం ఏం తెలుసు? అందుకే చదవడం మొదలుపెట్టాను. చదివాక అర్థమైంది, మా ఇంట్లో అత్తాకొడుకుల మధ్య... కాదు కాదు, తల్లీకొడుకుల మధ్య నడిచిన ఈ వాదనే ఇప్పుడు దేశదేశాల్లో ప్రభుత్వాల మధ్యా ప్రజల మధ్యా నడుస్తోందని.

చట్టం చెప్పిన గడప

మా పిన్ని కూతురు ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలో ఉంటుంది. అక్కడ 2022 జులై 1న, ఆ తర్వాతా పుట్టిన ప్రతి పెంపుడు పిల్లీ ఇరవైనాలుగు గంటలూ యజమాని ఇంటి హద్దుల్లోనే ఉండాలి. బయటికి తీసుకెళ్ళాలంటే కుక్కకి కట్టినట్టు పట్టీ కట్టి తీసుకెళ్ళాలి. లేకపోతే జరిమానా. అది వాళ్ళ పెరట్లో జాలీ గది ఒకటి కట్టించి ఫొటో పంపింది. మన పల్లెటూళ్ళలో కోళ్ళగూడు ఉండేది చూడండి, దానికి అన్నగారు!

జర్మనీలో వాల్‌డార్ఫ్ అనే చిన్న ఊరుంది. తల మీద కుచ్చు ఉండే ఒక రకం చిన్న పిట్ట అక్కడ అంతరించిపోయే దశకు వచ్చింది. అది నేల మీదే గూడు పెడుతుంది. అందుకని 2022లో ఆ ఊరి దక్షిణ భాగంలో పిల్లుల్ని ఆగస్టు చివరిదాకా బయటికి వదలకూడదని అధికారులు ఉత్తర్వు వేశారు. వదిలితే 500 యూరోలు జరిమానా. ఆ పిల్లి ఆ పిట్టని చంపిందో, 50,000 యూరోల దాకా! ఊళ్ళో పిల్లులున్నవాళ్ళు గగ్గోలు పెట్టారు.

2025 ఫిబ్రవరిలో స్కాట్లండ్‌లో ఇంకో గొడవ. వన్యప్రాణులకి ముప్పున్న కొన్ని ప్రాంతాల్లో పిల్లుల్ని ఇళ్ళల్లో ఉంచే విషయం ఆలోచించమని ప్రభుత్వానికి సలహా ఇచ్చే జంతు సంక్షేమ సంఘం ఒక నివేదికలో రాసింది. "పిల్లుల్ని నిషేధిస్తారట" అని పుకారు పుట్టింది. చివరికి అక్కడి ప్రభుత్వాధినేత జాన్ స్విన్నీ స్వయంగా బయటికొచ్చి, అలాంటి ఉద్దేశమే లేదు మొర్రో అని చెప్పాల్సి వచ్చింది. పిల్లి ఎక్కడైనా ఉట్టి మీదికే గురిపెడుతుంది, ఆఖరికి ప్రభుత్వానిదైనా సరే!

ఇక్కడొకటి గమనించండి. ఈ ఆంక్షలు ముఖ్యంగా పుట్టింది పిల్లి క్షేమం కోసం కాదు, పిట్టల్లాంటి వన్యప్రాణుల క్షేమం కోసం. ఆస్ట్రేలియాలో మొదట్నించీ పిల్లి జాతే లేదు. తెల్లవాళ్ళ ఓడల్లో దిగింది. అక్కడి చిన్న చిన్న జంతువులకి దాన్నించి తప్పించుకోవడం తెలీదు. అక్కడ పిల్లులు, ముఖ్యంగా అడవిపాలైనవి, ఏటా 150 కోట్లకు పైగా స్థానిక జంతువుల్నీ పక్షుల్నీ చంపుతున్నాయని ఆ ప్రభుత్వం 2023లో లెక్క చెప్పింది. మన దేశం సంగతి వేరు. మనకి అడవిపిల్లులూ ముంగిసలూ తరతరాలుగా ఉన్నవే. కాబట్టి వాళ్ళ చట్టాన్ని తీసుకొచ్చి ఇక్కడ అతికించుకోనక్కర్లేదు. మరి మనకి ఈ గొడవ ఎందుకు? మన దగ్గర కారణం వేరే ఉంది. ఇక్కడ ముప్పు పిల్లి వల్ల కాదు, పిల్లికే.

మన వీధి మారిపోయింది

పిల్లి మారలేదండీ. వీధి మారింది. పెంకుటింటి చూర్లు పోయాయి, గోడ దూకితే వచ్చే పెరళ్ళు పోయాయి. ఇప్పుడు గోడ దూకితే రోడ్డే. బండి హెడ్‌లైటు కళ్ళల్లో పడితే పిల్లి చటుక్కున ఆగిపోతుంది. ఆ ఒక్క క్షణం చాలు.

రెండోది కుక్కలు. 2024లో మన దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదయ్యాయి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లోని వీధికుక్కల్ని షెల్టర్లకు తరలించమంది. పదకొండు రోజుల్లోనే, ఆగస్టు 22న, ముగ్గురు న్యాయమూర్తుల బెంచి దాన్ని సవరించింది. టీకాలు వేసి, ఆపరేషన్ చేసి, పట్టుకొచ్చిన చోటే వదలాలనీ, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలొద్దనీ చెప్పింది. నవంబరు 7న మళ్ళీ, బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోంచి కుక్కల్ని తొలగించి తిరిగి అక్కడ వదలొద్దని ఆదేశించింది. దేశమంతా రెండు జట్లుగా విడిపోయి వాదించుకుంది. ఆ హోరులో పిల్లి ఊసెత్తిన వాళ్ళు నాకైతే కనపడలేదు. గుంపుగా తిరిగే కుక్కలకి మొదట దొరికేది పసిపిల్లలూ, ఆ తర్వాత పిల్లులే. మా వీధిలోనే రెండు కూనలు అలా పోయాయి.

మూడోది జబ్బు. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకి బర్డ్ ఫ్లూ సోకినట్టు పరీక్షల్లో తేలింది. మన దేశంలో ఇంటి పిల్లుల్లో అది బయటపడటం అదే మొదటిసారి. మరుసటి నెలలోనే మన ఉభయ గోదావరి జిల్లాల్లో కోళ్ళఫారాలకి ఆ జబ్బు తగిలింది. మార్చిలో నరసరావుపేటకి చెందిన రెండేళ్ళ పాప ఆ వైరస్‌కే బలైపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని అప్పట్లో పేపర్లలో చదివి కడుపు తరుక్కుపోయింది. చచ్చిన కాకినో పావురాన్నో, చెత్తకుండీలో కోడి పేగుల్నో తినే వీధిపిల్లికి ఆ ముప్పు ఎంతో ఆలోచించండి. అదే పిల్లి మన పిల్లల పక్కలో పడుకుంటుంది కూడా.

ఇన్ని చదివాక మావారి మాటే సరైనదనిపించింది. పట్టణంలో, వాహనాల రోడ్డు పక్కన ఉన్నవాళ్ళకి పిల్లిని ఇంట్లో ఉంచడమే మంచిది. అమెరికాలో పశువైద్యుల సంఘం కూడా పట్టణాల్లో పిల్లుల్ని లోపలో, జాలీ గదిలోనో ఉంచమనే చెబుతోంది. కానీ కథ ఇక్కడితో అయిపోలేదు. అసలు కథ తలుపు వేశాకే మొదలైంది.

గడప లోపల ఏముందో చూశామా?

బూచి వచ్చిన పదో రోజున బాల్కనీ గోడ మీద నడుస్తూ కనిపించింది. ఎదురుగా పావురం. నా పై ప్రాణం పైనే పోయింది. "పిల్లి ఎంత ఎత్తు నించి పడినా కాళ్ళ మీదే పడుతుంది" అంటారు కదా, ఆ మాట నమ్మకండి. 1984లో న్యూయార్కులో ఒక జంతువుల ఆసుపత్రికి అయిదు నెలల్లో మేడల మీదనుంచి పడిన పిల్లులు 132 వచ్చాయి. వాటిలో నూటికి తొంభై బతికాయని డాక్టర్లు రాశారు. చాలామంది ఆ తొంభైనే చెప్పుకుంటారు. ఊపిరితిత్తులు చితికినవీ, దవడలూ కాళ్ళూ విరిగినవీ ఎన్నో చెప్పరు. ఇంకో సంగతి, పడీ పడగానే చచ్చిపోయిన పిల్లిని ఆసుపత్రికి ఎవరు తీసుకొస్తారు చెప్పండి? అవి ఆ లెక్కలోకే రాలేదు. మేం ఆ వారమే పావురాల వల కట్టించాం. వంటింటి కిటికీకీ కట్టించాం. దోమతెర కట్టాం కదా అనుకుంటారేమో, గోళ్ళతో నిమిషంలో చింపేస్తుంది.

ఇంట్లో మనం మంచివనుకునే వస్తువులు కూడా పిల్లికి విషాలే. నేల తుడిచే ఫినాయిల్ వాసన కొడుతుంటేనే మనకి ఇల్లు శుభ్రంగా ఉన్నట్టు. తడి నేల మీద నడిచి, తర్వాత పాదాలు నాక్కుంటుంది పిల్లి. ఆ మందుని విరిచి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి లేదు. పారాసిటమాల్ కూడా అంతే. పిల్లికి ఒళ్ళు వెచ్చగా ఉంది కదా అని ఒక మాత్ర వేశారంటే ప్రాణమే పోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి పడవు. లిల్లీ జాతి పూలలో కొన్నిటి పుప్పొడి తగిలినా కిడ్నీలు దెబ్బతింటాయి. ఇక దారాలు! తలలోంచి తీసి పడేసిన మల్లెదండ దారం, కుట్టుమిషను కింద నూలు ముక్క... ఆడుకుంటూ మింగేస్తుంది, పేగుల్లో చుట్టుకుంటుంది. వాషింగ్ మెషిన్ మూత తెరిచి ఉంటే వెచ్చగా ఉందని లోపల దూరి పడుకుంటుంది. బట్టలు వేసే ముందు ఒకసారి తొంగిచూడండి.

లోపల ఉంచాం కదా, బర్డ్ ఫ్లూ రాదులే అనుకోవడానికీ లేదు. 2024 డిసెంబరులో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో గుమ్మం దాటని పిల్లి ఒకటి ఆ జబ్బుతో చచ్చిపోయింది. ఎలా వచ్చిందో ఆరా తీస్తే, పెంపుడు జంతువుల కోసం అమ్మే పచ్చి టర్కీకోడి మాంసంలో ఆ వైరస్ దొరికింది. అందుకని కోడి తుంటలైనా, చేప తలకాయలైనా బాగా ఉడికించే పెట్టండి. ఉడికితే ఆ వైరస్ బతకదు.

నెల తప్పిన కోడలికి పిల్లి పనికిరాదా?

ఈ మాట మనలో చాలామంది ఇళ్ళల్లో వినిపిస్తుంది. కోడలు నెల తప్పగానే ముందు పిల్లిని సంచిలో వేసుకుపోయి ఊరవతల వదిలేసి వస్తారు. భయానికి ఆధారం లేకపోలేదు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి పిల్లి మలంలో ఉండవచ్చు. గర్భిణికి అప్పుడే కొత్తగా సోకితే కడుపులో బిడ్డకి ప్రమాదం.

కానీ అది పిల్లికి ఎలా వస్తుంది? ఎలుకల్నీ పిట్టల్నీ పచ్చిగా తింటే వస్తుంది. పుట్టినప్పట్నించీ ఇంట్లో ఉండి ఉడికించిన తిండి తినే పిల్లికి అది సోకే అవకాశం చాలా తక్కువ. అంటే, ఇంట్లో ఉంచడం వల్ల పిల్లికే కాదు, మనకీ రక్షణే. పైగా ఆ మలం పడగానే అంటుకోదు. అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. కాబట్టి ఇసుక తొట్టిని ఏ రోజుకారోజు శుభ్రం చేస్తే సరి. ఆ తొమ్మిది నెలలూ ఆ పని ఇంట్లో ఇంకెవరైనా చేయాలి. అదే సూక్ష్మజీవి సరిగ్గా ఉడకని మాంసం నుంచీ, కడగని ఆకుకూరల నుంచీ, మట్టి నుంచీ కూడా రావచ్చు. ఆకుకూర కడగడం మానేసి పిల్లిని వెళ్ళగొడితే ప్రయోజనమేముంది? అనుమానం ఉంటే మీ డాక్టరమ్మనే అడగండి.

రేబిస్ మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కుక్కకే కాదు, పిల్లికీ వస్తుంది. మూడు నెలలు నిండాక టీకా వేయించి, డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా మళ్ళీ వేయించాలి. వీధిపిల్లి కరిచినా, గీరి నెత్తురొచ్చినా, పసుపూ సున్నమూ పూసి ఊరుకోకుండా సబ్బునీళ్ళతో పావుగంట ధారగా కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి.

తలుపు వేస్తే చాలా?

ఇప్పుడు అత్తయ్యగారి మాటకొద్దాం. "బంధిస్తారటే" అన్నారావిడ. మొదటి నెలలో బూచి ఏం చేసిందనుకున్నారు? సోఫా గీకింది. కర్టెన్లు చింపింది. తెల్లారగట్ల నాలుగింటికి తలుపు దగ్గర కూర్చుని ఏడుపు. ఇసుక తొట్టి వదిలేసి ఇస్త్రీ బట్టల మీద పోసింది. "పొగరు" అన్నారు మావారు. పొగరు కాదు, అది దాని గోడు.

మా పుట్టింటి పిల్లికి మేం పెట్టింది పెరుగన్నం ఒక్కటే. మిగతాదంతా వీధే పెట్టింది. మాంసం వీధి పెట్టింది, ఆట వీధి నేర్పింది, గోళ్ళు గీసుకోవడానికి చెట్టునిచ్చింది, మరుగుకి మట్టినిచ్చింది, తోడునిచ్చింది. తలుపు మూసిన రోజున వీధి ఇచ్చేవన్నీ మనం ఇవ్వాలి. ఆ లెక్క వేసుకోకుండా తలుపు మూయడం అన్యాయం.

మొదట తిండి. మాది శాకాహారం. పిల్లి మాత్రం పుట్టుకతో మాంసాహారి. టారిన్ అనే పదార్థం దానికి మాంసం లోంచే రావాలి, అది చాలకపోతే చూపూ గుండే దెబ్బతింటాయి. పాలన్నం మీద బతికిన పిల్లులు అసలు పాలన్నం మీద బతకలేదు, మనం చూడని ఎలుకల మీద బతికాయి! చాలా పెద్దపిల్లులకి పాలు అరగవు కూడా. అందుకని మేం తయారు తిండి కొంటున్నాం. వాటిలో కొన్నిటిలో ఉడికిన చేప ఉంటుంది. దానికి వేరే గిన్నె, వేరే చెంచా. మొదట్లో అత్తయ్యగారు ముక్కు మూసుకున్నారు. ఇప్పుడు "దానికి పెట్టావా?" అని ఆవిడే అడుగుతున్నారు.

తర్వాత ఆట. రోజుకి రెండుసార్లు పది పదిహేను నిమిషాలు, కర్రకి గుడ్డపీలిక కట్టి ఎలుకలా ఆడిస్తే చాలు, తెల్లారగట్ల ఏడుపు తగ్గింది. గోళ్ళ కోసం పాత స్టూలు కాలికి కొబ్బరితాడు చుట్టాం. పైకి ఎక్కి కూర్చోవడానికి కిటికీ పక్కన పుస్తకాల అర ఒకటి ఖాళీ చేశాం. ఇసుక తొట్లు పిల్లుల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ ఉండాలట, ఒక పిల్లికి రెండు. బట్టల మీద పోయడం ఆగిపోయింది. బెజవాడ ఎండాకాలం సంగతి మీకు తెలిసిందే, తలుపులేసిన ఇంట్లో గాలాడేలా చూసి, రెండు మూడు చోట్ల నీళ్ళు పెట్టాలి.

ఆపరేషన్ తప్పనిసరి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకొస్తుంది, రెండు నెలల్లో ఈనుతుంది. ఆపరేషన్ చేయించకుండా తలుపు మూస్తే దానికీ నరకం, వినేవాళ్ళకీ నరకం. పుట్టిన పిల్లల్ని మళ్ళీ చేపల మార్కెట్ దగ్గర వదిలేసి వచ్చేది మనమే కదా.

ఇంకొకటి, ఇంట్లో పిల్లిని పెట్టి తాళం వేసుకెళ్ళేవాళ్ళు వరద సంగతి మరిచిపోకూడదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ వైపు ఎలా మునిగిందో చూశాం. పిల్లిని పెట్టుకెళ్ళే బుట్ట ఒకటి ఎప్పుడూ అటక మీద కాకుండా చేతికందే చోట ఉంచుకోవాలి.

ఇరుగుపొరుగు మాటేమిటి?

అపార్టుమెంటుల్లో పిల్లి పేరుతో జరిగే తగువులు మీకు తెలియనివి కావు. కారు మీద గీతలు, బండి సీటు మీద గోళ్ళు, మెట్ల మీద కంపు. లోపల ఉంచితే ఇందులో ముప్పాతిక తగువు తీరుతుంది. అయినా కొందరు "పిల్లిని తీసేయండి" అంటారు. పెంపుడు జంతువుల్ని నిషేధించే అధికారం అపార్టుమెంటు సంఘాలకి, మెజారిటీ ఓటు వేసినా సరే, లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే సూచనలు ఇచ్చింది. పిల్లినైనా సరే చంపితే, అంగవైకల్యం చేస్తే, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా జైలు పడవచ్చు. ఇవి తెలిసుండడం మంచిది. కానీ చట్టం పట్టుకుని పొరుగువాళ్ళతో ఎంత దూరం నడుస్తాం? మా సెల్లార్లో ఎలుకల మందు మాన్పించి బోన్లు పెట్టించాను. దానికి చట్టం అక్కర్లేకపోయింది. మల్లి కథ చెప్పాను, అంతే. పై అంతస్తు పిన్నిగారు తనే రెండు బోన్లు కొనిచ్చారు.

చాకిరీ ఎవరిది?

"ఇంట్లోనే ఉంచుదాం" అని మావారు ఒక్క మాటలో తేల్చేసి ఆఫీసుకి వెళ్ళిపోయారు. ఆ ఒక్క మాట వెనకాల రోజుకి ఎంత చాకిరీ ఉందో చూశారుగా? ఇసుక ఎత్తడం, గిన్నెలు కడగడం, ఆడించడం, తలుపు తీసిన ప్రతిసారీ కాలు అడ్డం పెట్టడం... ఎవరు చేశారు? పదో తరగతి పరీక్షలని అమ్మాయి తప్పుకుంది. ఆఫీసు అని ఆయన తప్పుకున్నారు. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అన్నారు. ఇంట్లో ఉండేవాళ్ళం ఇద్దరమే, నేనూ బూచీ!

ఒకరోజు సాయంత్రం ట్యూషన్ నించి చీకటిపడి వచ్చినందుకు అమ్మాయిని కేకలేశాను. "బయట మంచిది కాదు, ఇంటిపట్టున ఉండు" అన్నాను. అది బూచిని ఒళ్ళో పెట్టుకుని, "దీనికీ అదే చెప్తావు, నాకూ అదే చెప్తావేంటమ్మా?" అంది. నాకు నోట మాట రాలేదు. 

ఆ రాత్రంతా ఆలోచించి మర్నాడు జవాబు చెప్పాను. "బూచికి రోడ్డు దాటడం నేర్పలేం. దానికి జరిగేదేమిటో దానికి చెప్పలేం. అందుకే తలుపు వేస్తున్నాం. నువ్వు అలా కాదు. నీకు వీధి ప్రమాదమైతే వీధిని బాగుచేయాలి గానీ నీకు తలుపు వేయకూడదు. నేనన్నది తప్పే" అన్నాను. అలా అన్నానే గానీ, ఇప్పటికీ చీకటిపడితే నా చూపు గుమ్మం మీదే ఉంటుంది. తల్లులం, అంత తేలిగ్గా మారతామా?

కానీ ఆ ఒక్క ప్రశ్నతో మా ఇంట్లో ఒకటి మారింది. అందరం కూర్చుని పనులు పంచుకున్నాం. పొద్దున్న ఇసుక తొట్టి మావారిది. రాత్రి ఆట అమ్మాయిది. టీకాల తేదీలు అత్తయ్యగారి పంచాంగంలో గుర్తుపెట్టారు. ఆవిడ వాటినీ ఏకాదశుల్లాగే మరిచిపోరు. తిండి నాది.

కాబట్టి, పిల్లిని తెచ్చుకోవాలనుకునే అక్కచెల్లెళ్ళకి నేను చెప్పేదొకటే. గడప దాటనివ్వద్దు, మంచిదే. కానీ కూనని ఇంట్లోకి తేకముందే ఇంట్లోవాళ్ళందర్నీ కూర్చోబెట్టి, ఇసుక ఎవరెత్తుతారో, డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారో, ఊరెళితే ఎవరు చూస్తారో అడగండి. సరైన జవాబు రాకపోతే, పాపం, ఆ కూనని తల్లి దగ్గరే ఉండనివ్వండి.

ఇది రాస్తుంటే బూచి కిటికీ అరలో కూర్చుని వల అవతలి పావురాన్ని చూస్తూ దవడలు కటకటలాడిస్తోంది. వలలో ఒక మూల దారం వదులైనట్టుంది. రాయడం ఆపి ముందు అది కట్టాలి.